స్వామి కూర్చునే కారుకు కొత్త బానెట్

మా కిరాణా అంగడిలో బండి అంటే మూటలు మోసేది. నలుగురు కూర్చోవాలి, వెనకాల బియ్యం మూటలు పట్టాలి. అలాంటి ఇంట్లో పుట్టిన నేను రెండే సీట్లున్న, పైకప్పు వెనక్కి మడిచేసే ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాను. అదీ ఎవరో వాడి అమ్మినది. రాబర్ట్‌సన్‌పేట బజారులో అంగడి ముందు దాన్ని నిలిపిన రోజు మా ఆవిడ గల్లా దగ్గరినుంచి లేచి వచ్చి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"మూట యాడ పెడతారు?" అని అడిగింది.

"ఇది మూటలకు కాదు. ఒక సీటు నాకు, ఒక సీటు స్వామికి" అన్నాను.

"మరి నాకు?"

దానికి ఆమే తీర్పు చెప్పేసింది. "నవమి ఒక్కరోజు స్వామిది. మిగతా ఏడంతా ఆ సీటు నాది."

స్వామికి సీటేమిటో చెప్పాలి. మా బజారులో ఒక భజన మండలి ఉంది. శనివారం పారాయణం, ఏకాదశికి భజన. నేను అక్షరాలు బడిలో దిద్దినా శ్లోకాలు చదవడం నేర్చింది ఆ మండలి చాప మీదే. పెద్దలు ఒక పాదం చెప్పేవాళ్ళు, మేము వెనకాల చెప్పేవాళ్ళం. ఒక్క అక్షరం తడబడితే మళ్ళీ మొదటికి. అలా నోటికి వచ్చినవి ఈ వయసులోనూ పోలేదు. పప్పు తూచేటప్పుడు కూడా పెదవులు వాటంతట అవే కదులుతుంటాయి.

శ్రీరామనవమినాడు పొద్దున మండలిలోని స్వామివారి పటం ఊరేగింపుగా బయలుదేరి, చాంపియన్ రీఫ్స్ లైన్ల దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. లైన్లంటే గని పనివాళ్ళకోసం వరసగా కట్టిన చిన్న ఇళ్ళు. భూమి లోపలికి దిగేవాళ్ళు స్వామిని తమ గుమ్మం ముందే చూసుకోవాలని మొదలైన ఆచారమది. గనులు మూతపడ్డాయి. ఇళ్ళున్నాయి, ఇళ్ళలో మనుషులున్నారు, స్వామి వెళుతూనే ఉన్నాడు.

ఆ పటాన్ని తీసుకెళ్ళే బండి తోలడం మా ఇంటి కైంకర్యం. మా నాన్న పైకప్పు లేని పాత జీపులో తోలాడు. స్వామి ఆయన ఎడమపక్కన కూర్చునేవాడు. మూసిన అద్దాల వెనక స్వామిని పెడితే లైన్లలోని ముసలివాళ్ళకు కనబడడని మా నాన్న ఎప్పుడూ మూత బండి ఒప్పుకోలేదు. ఆ జీపుకు ఇంకో గుణం కూడా ఉండేది. ఒకసారి ఇంజను ఆపితే మళ్ళీ స్టార్టయ్యేది కాదు. అందుకని మండలి దగ్గర స్టార్ట్ చేసిన ఇంజనును తిరిగి మండలికి చేరేదాకా ఆయన ఆపేవాడు కాదు. ఏళ్ళు గడిచేసరికి అది బ్యాటరీ సంగతని అందరూ మరిచిపోయారు. స్వామి బయలుదేరాక ఇంజను ఆగకూడదు, ఆగితే అపశకునం అన్నది నియమమై కూర్చుంది. నేను ఆ నియమాన్ని ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. ఎలా పుట్టినదైనా, ఇంతమంది ఇన్నేళ్ళు చేతులు జోడించి పాటించాక అది పవిత్రమే అని నా నమ్మకం.

జీపు తుప్పుపట్టి పనికిరాకుండా పోయాక ఆ ఎర్ర కారు కొన్నాను. పైకప్పు మడిస్తే స్వామి అందరికీ కనబడతాడు. సీట్లు రెండే కాబట్టి మధ్యలో ఎవరూ దూరరు. నిజం చెప్పాలంటే చిన్నప్పటినుంచీ అలాంటి కారు మీద నాకు ఆశ. ఆశను స్వామి పని కిందికి తెచ్చి పెట్టడంలో తప్పు నాకు కనబడలేదు. కనబడకపోవడమే కాదు, మండలి ముందు దాన్ని మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు నా ఒళ్ళంతా పులకరించింది.

ఆ మొదటి నవమినాడే అది నిలిచిపోయింది. ఊరేగింపు నడిచే ముసలమ్మల వేగంతో సాగుతుంది. ఇంటింటికీ ఆగి హారతి తీసుకోవాలి. ఎండ మాడుస్తోంది, ఇంజను ఆపకూడదు. గనిలోకి దిగే పాత షాఫ్టు మీది ఇనుప చట్రం కనబడే ఎత్తు రోడ్డు దగ్గరికి వచ్చేసరికి, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ కిందినుంచి ఆవిరి లేచింది. ఇంజను దానంతటదే ఆగింది. సోడా పెట్టెలు మోసే గూడ్సు ఆటోను ఖాళీ చేయించి, తుడిచి, స్వామిని అందులోకి మార్చారు. నేను కారు పక్కన నిలబడి ఆటో వెళ్ళిపోవడం చూశాను. అందరూ నావైపు కాక నేలవైపు చూస్తూ నడిచారు.

ఆ శనివారం పారాయణమయ్యాక మండలి పెద్దాయన నన్ను కూర్చోమన్నాడు. మాకు శ్లోకాలు నేర్పినది ఆయనే. ఎనభై దాటినా గొంతు కంచులా ఉంటుంది.

"అప్పా, నీ భక్తికి నేను వంక పెట్టలేదు. నీ కారుకు పెడతా ఉండాను" అన్నాడు.

"తప్పే పెద్దయ్యా."

"వచ్చే నవమికి ఇంగోసారి చూస్తాము. అప్పుడు కూడా దారిలో నిలిచిందంటే కైంకర్యం నగల అంగడివాళ్ళకు పోతాది. స్వామిని సోడా పెట్టెల్లో కూర్చోబెట్టడం నాకు చేత కాదు."

నగల అంగడి యజమాని నాకు దూరపు చుట్టం. బావా అని పిలుస్తాడు. ఆయన అక్కడే తాంబూలం నములుతూ కూర్చుని ఉన్నాడు.

"నువ్వేం బేజారు పడొద్దు బావా. నా వ్యాను కడిగి రెడీగా పెట్టుకుంటాను. ఏసీ కూడా ఉండాది, స్వామికి చల్లగా ఉంటాది" అన్నాడు.

ఇంటికొచ్చి మా నాన్న ఫొటో ముందు నిలబడలేకపోయాను. ఒకసారి ఇంకో ఇంటికి పోయిన కైంకర్యం తిరిగి రాదు. అది మా మండలిలో అందరికీ తెలిసిన సంగతి.

చాంపియన్ రీఫ్స్ మొదట్లో నా చిన్ననాటి స్నేహితుడికి కార్ల రేకుపని, పెయింటింగు చేసే షెడ్డు ఉంది. వాణ్ణి అందరూ మేస్త్రీ అంటారు, నేనూ అంతే. వాడు నన్ను సావుకారూ అంటాడు. ఆదివారం చర్చికి పోయేవాడు, శనివారం నేను పారాయణానికి పోయేవాణ్ణి. మధ్యలో ఉన్న రోజుల్లో ఇద్దరం కారు కింద పడుకుని ఉండేవాళ్ళం. రేడియేటరు కొత్తది వేశాం. ఫ్యాను మార్చాం. నీళ్ళ పంపు విప్పి చూశాం. బంగారుపేట రోడ్డులో తోలితే ముల్లు మధ్యలో కదలకుండా నిలబడేది. బజారులో నడక వేగంతో తోలితే మళ్ళీ పైకెక్కేది.

"ఇంగ మిగిలింది బానెట్టే సావుకారూ" అన్నాడు మేస్త్రీ. "గాలి పోయేకి చీలికలున్న బానెట్లు వస్తాయి. రేసు కార్లకు పెడతారే, అవి."

ఆ మాట విన్న రోజునుంచీ ఫోనులో బానెట్ల బొమ్మలు చూడడమే నా పని. ఎన్ని రకాలు! ఒకదానికి మధ్యలో పెద్ద ఎత్తు, దాని నోరు ముందుకు తెరుచుకుని ఉంటుంది. నల్లగా, పైన చాప అల్లికలాంటి గీతలు మెరుస్తూ, చూస్తే కన్ను తిప్పుకోలేం. ఇంకోదానికి అద్దం దగ్గర చీలికలు. ఇంకోదానికి ముందువైపు, రేడియేటరు వెనకాలే, చేప మొప్పల్లాంటి వాలు చీలికలు. అది అన్నిటికంటే తక్కువ అందం. నాకు మొదటిదాని మీదే మనసు పడింది. నిద్రలేవగానే దాన్నే చూసేవాణ్ణి. ఆ రోజుల్లో ఒక పొద్దున పూజలో నిజంగానే అడిగాను. స్వామీ, నాకు ముద్దొచ్చేది వద్దు, నీతో నిలవకుండా నడిచేది చూపించు అని.

ముందుగా గాలి ఎటు పోతోందో చూడాలి. పూజ గదిలోని దీపం వత్తులు గుప్పెడు తీసి, పాత బానెట్ మీద వరసలుగా టేపుతో అంటించాను. ఒక కొన అతికి, ఒక కొన ఊగుతూ. మా ఆవిడను ఆమె సీటులో కూర్చోబెట్టి, వత్తుల మీద కన్నేసి ఫోనులో వీడియో తీయమని, బంగారుపేట రోడ్డెక్కాను. పక్కన బైకుమీద వస్తున్న రైతు మమ్మల్ని చూసి వేగం తగ్గించాడు.

"ఏం మొక్కప్పా ఇది? కారు నిండా వత్తులు కట్టినారు, దీపం యాడ?" అని అరిచాడు.

"ఇంజనే దీపం!" అని మా ఆవిడ ఫోను దించకుండా అరిచింది.

మేస్త్రీ ఆ వీడియో పూర్తిగా చూశాడు. ముందువైపు వత్తులు ఎవరో పైకి లాగినట్టు నిలబడ్డాయి, అంటే అక్కడ గాలి పైకి లాగుతోంది. అద్దం దగ్గరివి నొక్కిపెట్టినట్టు అణిగిపోయాయి.

"వీడియో చక్కగా ఉండాది. కానీ మీ స్వామి ఈ స్పీడులో పోతాడా సావుకారూ? భజన చేసేవాళ్ళు వెనకాల పరిగెత్తాల!" అని నవ్వాడు.

వాడన్నది నిజమే. నడక వేగంలో ఏం జరుగుతోందో చూడాలంటే కారు నిలిపి చూడాలి. మరునాడు వాడి షెడ్డులోనే ఇంజను ఆడిస్తూ అగరుబత్తి వెలిగించి రేడియేటరు ముందు పట్టుకున్నాను. పొగ లోపలికి పోయింది. అంతవరకు సరే. తర్వాత బానెట్ అంచుల వెంబడి బత్తిని మెల్లగా తిప్పాను. చక్రం పక్కనుంచి బయటికి వచ్చిన వేడి గాలి, పొగను పట్టుకుని తిన్నగా ముందుకే వెళ్ళి మళ్ళీ రేడియేటరు నోట్లో దూరింది. ఇంకోసారి చేశాను. మళ్ళీ అంతే. కాగిన గాలినే మళ్ళీ మళ్ళీ మింగుతోంది నా కారు.

మండలిలో ప్రాణాయామం నేర్పేటప్పుడు పెద్దాయన మా ముక్కులు పట్టుకుని చెప్పేవాడు. పూరకం, అంటే పీల్చడం, ఎవరికైనా వస్తుంది. రేచకం, వదలడం, కుదిరితేనే లోపల చోటు ఏర్పడుతుంది అని. నా కారుకు పూరకం ఉంది, రేచకం లేదు. అది తట్టగానే అగరుబత్తి చేతిలో ఉండగానే ఎగిరి గంతేశాను.

"ఏమైందప్పా, కాలిందా?" అన్నాడు మేస్త్రీ.

"చేప మొప్పలదే! రేడియేటరు వెనకాలే బయటికి దారి కావాల. ఆ నల్ల ఎత్తుది ఇంగా లోపలికి పీలుస్తాది, మనకు వదిలేది కావాల!"

నా కంటికి నచ్చినదాన్ని అలా వదిలేశాను. వదిలేసినందుకు బాధ లేదు. అడిగినదానికి జవాబు వచ్చింది, అదీ అగరుబత్తి పొగ మీద రాసి పంపినట్టు వచ్చింది.

కోయంబత్తూరులో రేసు కార్లకు ఫైబరు బానెట్లు పోసే ఒకాయన దొరికాడు. మా కారు కొలతలకు ఆయన దగ్గర అచ్చు ఉంది. బానెట్ రైల్లో బంగారుపేట జంక్షనుకు వచ్చింది. పార్శిలు ఆఫీసులో అట్టలు చుట్టిన ఆ పెద్ద వంపు వస్తువును చూసి అక్కడి మనిషి, "ఏంది సార్ ఇది, పల్లకీ పైకప్పా?" అన్నాడు. ఔను అన్నాను. అబద్ధం కాదనిపించింది.

పెట్టడం అనుకున్నంత సులభం కాలేదు. పాత బానెట్ విప్పేముందు మేస్త్రీ కీళ్ళ బోల్టుల చుట్టూ సూదిమొనతో గీత గీశాడు, కొత్తది అదే చోట కూర్చోవాలని. ఇద్దరం చెరోవైపు పట్టుకుని పాతది దించాం. కొత్తది ఎత్తితే పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు తేలిగ్గా ఉంది. కానీ గీతల మీద పెడితే ఎడమపక్క వేలు దూరేంత సందు, కుడిపక్క కాగితం కూడా దూరదు. రంధ్రాలను ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీయడం, పెట్టడం, దూరంగా వెళ్ళి ఒక కన్ను మూసి చూడడం, మళ్ళీ విప్పడం. ఎండ షెడ్డు రేకుల మీదినుంచి దిగుతోంది. అరిగినకొద్దీ రెండు సందులూ సమానమవుతూ వచ్చాయి.

అప్పుడు ఇంకో అనుమానం. చీలికల కింద వాన నీళ్ళు ఇంజను మీద పడకుండా ఒక రేకు, మామిడాకులు దూరకుండా సన్న వల బిగించాం. అవి కిందికి వేలాడుతున్నాయి. బానెట్ మూస్తే ఇంజనుకు తగులుతాయా? మూశాక లోపల కనబడదు. మెత్తటి మన్ను ముద్దలు పెట్టి మూసి చూస్తారని మేస్త్రీ అన్నాడు. ఆ సమయానికి మా ఆవిడ మా ఇద్దరికీ భోజనం తెచ్చింది. క్యారియరులో రాగిముద్ద, ఉలవచారు.

నేను ముద్ద తీసి నిమ్మకాయంత ఉండలు చేసి, ఇంజను మీద అక్కడక్కడా పెట్టడం చూసి ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఇంగ దానికి కూడా ముద్ద పెడతారా? ఉలవచారు కూడా పొయ్యమంటారా?"

"అది నీళ్ళే తాగుతాది వదినా" అన్నాడు మేస్త్రీ. "నవమి రోజు తాగకుండా ఉండాలని మీ ఆయన తంటా."

బానెట్ మెల్లగా మూసి, మళ్ళీ తెరిచాం. అన్ని ఉండలూ గుండ్రంగానే ఉన్నాయి. వల కింద పెట్టినది మాత్రం అప్పడంలా అణిగిపోయింది. వలను ఆ పక్క పైకి ఎత్తి బిగించి, కొత్త ముద్ద పెట్టి చూశాం. ఈసారి ఉండ ఉండగానే ఉంది. మిగిలిన ముద్ద మేము తిన్నాం. ముందువైపు రెండు పిన్నులు కూడా బిగించాడు, తేలికైన బానెట్ గాలికి లేవకుండా. ఎరుపు రంగు మూడు పూతలు వేశాడు.

రంగు ఆరిన పొద్దున ఇంజను స్టార్ట్ చేసి చీలికల మీద చెయ్యి చాచాను. అన్నం వార్చే గిన్నె మీద చెయ్యి పెట్టినట్టు వెచ్చటి గాలి కొట్టింది. చీలికల పైన ఎదురింటి గోడ వణుకుతున్నట్టు కనబడింది. ముల్లు మధ్యకు వచ్చింది, కొంచెం పైకి జరిగింది, ఫ్యాను తిరిగింది, మళ్ళీ మధ్యకు దిగింది. మేము టీ తాగాం, ఇంకో టీ తాగాం. ముల్లు మధ్యలోనే ఉంది. మేస్త్రీ నన్ను భుజాలు పట్టి ఊపేశాడు. "కైంకర్యం యాడికీ పోదు పో సావుకారూ!" అన్నాడు.

నవమి వచ్చింది. మా ఆవిడ పుట్టిల్లు ముళబాగిలు దగ్గర బైరకూరు. వాళ్ళకు పూలతోటలున్నాయి. ఈసారి నేను గెలవాలని మా బావమరిది తెల్లవారకముందే టెంపోలో చామంతి తెచ్చాడు. వాళ్ళింటి ఆడవాళ్ళందరూ కలిసి కట్టిన దండ, చెయ్యంత లావు. నేను మండలిలో స్వామికి అలంకారం చేసి బయటికి వచ్చేసరికి మా ఆవిడ, మండలి స్త్రీలు కారును అలంకరించేశారు. ముందంతా పూల దుప్పటి కప్పినట్టు పసుప్పచ్చగా ఉంది. వాడకుండా నీళ్ళు కూడా చల్లారు. ఆ అందం చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఎన్నో రోజులు ఆ చీలికలతోనే బతికిన నాకు ఆ క్షణంలో పూలే కనబడ్డాయి గాని, వాటి కింద ఏముందో గుర్తే రాలేదు. గుర్తు చేయడానికి మేస్త్రీ అక్కడ లేడు. తన షెడ్డు ముందు పానకం పంచడానికి ఉండిపోయాడు.

స్వామి నా ఎడమపక్కన కూర్చున్నాడు. తాళాలు మోగాయి. బజారు దాటేవరకు ముల్లు మధ్యలో ఉంది. మొదటి లైనులో హారతులయ్యేసరికి కొంచెం జరిగింది. రెండో లైనులో ఇంకొంచెం. ఎండకు అనుకున్నాను. షాఫ్టు చట్రం కనబడే ఎత్తు మొదలైంది. పోయినసారి నిలిచిన చోటు అదే. ముల్లు ఎర్రగీతకు దగ్గరగా వచ్చింది. నా అరచేతులు స్టీరింగు మీద జారుతున్నాయి.

నగల అంగడి బావ కారు పక్కనే నడుస్తున్నాడు. వెనకాల ఆయన వ్యాను, ప్రసాదం గిన్నెలతో వస్తోంది.

"ముల్లు యాడ ఉండాది బావా?" అన్నాడు, ముందుకు వంగి.

"ఉండాల్సిన చోటే ఉండాది."

"చెమట చూస్తే అట్ల లేదే."

అప్పుడు వాసన వచ్చింది. కాగిన రబ్బరు వాసన కాదు, నూనె వాసన కాదు. ఉడికిన చామంతి వాసన. కషాయం కాస్తున్నట్టు. కళ్ళెదురుగా ఉన్న పూల దుప్పటి వైపు చూశాను. మధ్యలో పూలు గోధుమరంగుకు తిరిగి, సన్నగా ఆవిరి చిమ్ముతున్నాయి. ఊపిరి వదిలే చీలికలన్నీ వాటి కిందే ఉన్నాయి. జబ్బు తెలిసింది!

కానీ మందు వేయడం ఎలా? ఇంజను ఆపకూడదు. అలంకారం చేసి బయలుదేరాక స్వామి బండి మీది పూలు తిరిగి వచ్చేదాకా తీయకూడదు. అదీ నియమమే. చేయి చాచి ఆ దండ లాగేస్తే కారు నడుస్తుంది, నా మీద మండలికి నమ్మకం నడవదు. పైగా అది మా ఆవిడ పుట్టింటివాళ్ళు చేతులు నొప్పులు పుట్టేలా కట్టిన దండ. స్వామి వైపు చూశాను. చిన్నప్పుడు చాప మీద విన్న మాట గుర్తుకొచ్చింది. హారతి ముట్టిన పువ్వు అలంకారం కాదు, ప్రసాదం. ప్రసాదం దాచుకోకూడదు.

ఆ లైను చివరి ఇంటి హారతి అప్పుడే అయింది. బ్రేకు బిగించి, నిలబడి గట్టిగా పిలిచాను.

"పెద్దయ్యా! హారతి అయినాక పూలు అడిగినవాళ్ళకు ఇవ్వొచ్చునా?"

తాళాలు ఆగాయి. పెద్దాయన వెనక్కి తిరిగాడు.

"ఇవ్వొచ్చు అని కాదప్పా, ఇవ్వాల. అడిగితే లేదనకూడదు."

"ఈడ హారతి అయింది కదా?"

ఆయన నా మొహం చూశాడు. ఆవిరి చిమ్ముతున్న దండను చూశాడు. నగల అంగడి వ్యాను వైపు ఒకసారి చూశాడు. ఆ కంచు గొంతు లైను ఆ చివరిదాకా మోగింది.

"అమ్మా, లైనువాళ్ళంతా రాండి! స్వామి మీకు పూలిస్తా ఉండాడు. రాండి, తీసుకోండి!"

ఇళ్ళలోనుంచి ఆడవాళ్ళు వచ్చిపడ్డారు. ఎన్నో ఏళ్ళుగా స్వామి ఆ వీధికి వస్తున్నాడు, హారతి తీసుకుని పోతున్నాడు. తన పూలు చేతికి ఇచ్చి పోవడం అదే మొదలు. ఒక ముసలమ్మ దండనుంచి గుప్పెడు తెంపి కళ్ళకద్దుకుని కొప్పులో పెట్టుకుంది. వెచ్చగా ఉన్నాయే తల్లీ, స్వామి చెయ్యి తగిలినట్టు ఉండాది అంది. మా ఆవిడ గుంపులోనుంచి తోసుకుని ముందుకు వచ్చింది. నేను భయంగా చూశాను.

"మా అమ్మావాళ్ళు కట్టింది ఊరంతా పంచుతా ఉండారే!" అంది. మొహం వెలిగిపోతోంది. అంతలో ఖాళీ అయిన చీలికలు కనబడ్డాయి. ఆమెకు క్షణంలో అర్థమైంది. "అయ్యో నా తల్లీ, నేనే మూసేసినానా!" అని, చీర కుచ్చిళ్ళ పిన్ను లాగి, వలలో ఇరుక్కున్న రేకలను ఒక్కొక్కటే పీకి పక్కనున్నవాళ్ళ చేతుల్లో వేసింది. అవి కూడా ప్రసాదమే.

చివరి రేక రాగానే బుస్సుమని వేడి గాలి పైకి లేచింది. ముందు నిలబడ్డవాళ్ళ కొంగులు ఊగాయి. గోవిందా అన్నారెవరో. గోవిందా అని లైను మొత్తం అంది. నేను ముల్లు మీదినుంచి కళ్ళు తీయలేదు. అది ఎర్రగీత అంచున ఆగింది. వణికింది. వెనక్కి జరిగింది. ఎత్తు ఎక్కేసరికి మధ్యకు వచ్చింది. అక్కడే నిలబడి, షెడ్డు ముందు మేస్త్రీ పానకం దాటి, మిగిలిన లైన్లన్నీ దాటి, ఎండ నడినెత్తికి వచ్చి, బజారుకు తిరిగి చేరేదాకా అక్కడే ఉంది. దారంతా నేను గొంతెత్తి భజన పాడాను. తోలేవాడు పాడకూడదని నియమం లేదు.

మండలి ముందు స్వామిని లోపలికి తీసుకెళ్ళాక ఇంజను ఆపాను. నేను ఆపాను, దానంతటది ఆగలేదు. పెద్దాయన కారు ముందు నిలబడి, చీలికల మీద అరచెయ్యి చాచాడు. వెచ్చటి గాలి తగలగానే అలవాటున ఆ చెయ్యి తీసి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత తనకే నవ్వొచ్చింది.

"మీ నాయన జీపు కూడా ఇట్లే ఊపిరి వదిలేది" అన్నాడు. "కైంకర్యం మీ ఇంట్లోనే ఉండాలప్పా."

నగల అంగడి బావ వచ్చి నా చేతిలో వడపప్పు పొట్లం పెట్టాడు. "ఏసీ వ్యాను కడిగిందంతా వేస్టు బావా" అన్నాడు. మాటలో పుల్లదనం లేదు. ఆయన జేబులో కూడా రెండు చామంతులున్నాయి.

మరుసటి నవమికి బయలుదేరేముందు దండను బానెట్ వెనకభాగం మీదికి జరిపి, చీలికలు ఖాళీగా ఉండేలా నేనే కట్టాను. ఇక ఇబ్బంది లేదనుకున్నాను. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి లైనులోని ఆడవాళ్ళందరూ పళ్ళేలు పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నారు. కొత్తగా ఆ లైనుకు కోడలుగా వచ్చిన అమ్మాయి నా పక్కకు వచ్చింది.

"నిలపండి సామీ. ఈడ స్వామి పూలిచ్చి పోవాల."

"ఎందుకమ్మా?" అని అడిగాను, ఏమంటుందో చూద్దామని.

ఇంత కూడా తెలియదా అన్నట్టు చూసింది. "ఎందుకేంది? ఆచారం" అంది.

ముల్లు మధ్యలో ఉంది. బ్రేకు బిగించి, దిగి, దండ నా చేతులతోనే విప్పాను.